కోపం వచ్చిన క్షణంలో గాథ గుర్తుకు రాకపోతే ఏం చేయాలి? ధమ్మపదంలోని క్రోధవర్గం, ధ్యాన సాధన

నగదు కౌంటరు:

సభ్యులందరికీ నమస్కారం. బుద్ధుడి బోధలను గాథలుగా చెప్పే పాళీ గ్రంథం ధమ్మపదంలో పదిహేడవ అధ్యాయమైన క్రోధవర్గాన్ని, అంటే 221 నుంచి 234 వరకు ఉన్న పద్నాలుగు గాథలను, కొంతకాలంగా రోజుకు ఒకటి చొప్పున చదువుతున్నాను. నేను ఒక బ్యాంకు శాఖలో నగదు కౌంటరులో పనిచేస్తాను. నెల మొదటి వారంలో పింఛను కోసం వచ్చే పెద్దలతో వరుస బయటి మెట్ల దాకా సాగుతుంది. సర్వరు నిలిచిపోయిన రోజున ఆ ఆలస్యానికి కారణం కౌంటరులో కూర్చున్న మనిషే అన్నట్టు మాట్లాడేవారు కొందరు ఉంటారు. వారి ఎండబాధ, మోకాళ్ల నొప్పి నాకు తెలియనివి కావు. అయినా మాటకు మాట వచ్చేస్తుంది. ఉదయం చదివిన గాథ ఆ సమయంలో మనసులో ఎక్కడా కనబడదు, మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుకు వస్తుంది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది 222వ గాథ. "యో వే ఉప్పతితం కోధం రథం భంతంవ వారయే, తమహం సారథిం బ్రూమి, రస్మిగ్గాహో ఇతరో జనో." అదుపు తప్పి పరుగెత్తే రథాన్ని నిలిపినట్టుగా ఉప్పొంగిన కోపాన్ని నిలిపినవాడినే సారథి అంటాను, తక్కినవారు పగ్గాలు పట్టుకున్నవారు మాత్రమే అని దాని భావం. పగ్గాలు నా చేతిలో ఉన్నాయని నాకు తెలుసు. రథాన్ని నిలపడం ఎలాగో తెలియడం లేదు. గాథలను కంఠస్థం చేస్తే సరిపోతుందా, ధ్యానంలో కూర్చున్నప్పుడు మననం చేసుకోవాలా, లేక ఇది మరేదైనా పద్ధతితో సాధించవలసిన విషయమా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

కృష్ణాతీరం:

మీరు ప్రస్తావించిన వర్గంలోనే మీ ప్రశ్నకు సమాధానం ఉంది, కానీ అది చివరి నాలుగు గాథల్లో ఉండటం వల్ల చాలామంది అక్కడిదాకా వచ్చేసరికి వాటిని ముగింపు మాటలుగా భావించి త్వరగా దాటిపోతారు. 231వ గాథ శరీరంలో చెలరేగే కోపం నుంచి కాపాడుకోమంటుంది, 232వది మాటలో చెలరేగేదాని నుంచి, 233వది మనసులో చెలరేగేదాని నుంచి కాపాడుకోమంటుంది. ఈ మూడింటిలోనూ నిగ్రహం కలిగినవారే నిజంగా సంయములని 234వ గాథ చెబుతుంది. ఈ వరుసను గమనించండి. మనసే అన్నింటికీ ముందు నడుస్తుందని మొదటి గాథలోనే చెప్పిన గ్రంథం ఇక్కడ మాత్రం శరీరాన్ని ముందు పెట్టింది.

నా దృష్టిలో ఇది సాధకుడి సౌకర్యం కోసం ఏర్పడిన క్రమం. కోపం వచ్చిన క్షణంలో మనసును పట్టుకోవడం సాధ్యం కాదు, ఎందుకంటే పట్టుకోవలసిన మనసే అప్పుడు కోపంగా మారి ఉంటుంది. మాటను పట్టుకోవడం కష్టమే కానీ అసాధ్యం కాదు. చేతిని, దవడను, భుజాలను, కూర్చున్న తీరును పట్టుకోవడం మాత్రం మొదటిరోజు నుంచే ఎవరికైనా వీలవుతుంది. మీ చేతిలో నోట్ల కట్ట ఉన్నప్పుడు ఎదుటివారి స్వరం పెరిగితే, ఆ కట్టను బల్లమీద పెట్టి, రెండు అరచేతులనూ బల్లకు ఆనించి, ఒక్క శ్వాస పూర్తిగా బయటికి పోయేదాకా ఆగండి. వరుసలో ఉన్నవారికి అది ఆలస్యంగా కూడా అనిపించదు. ఇంతమాత్రం చేయగలిగితే 231వ గాథను ఆచరించినట్టే.

గాథ గుర్తుకు రాలేదని బాధపడకండి. మధ్యాహ్నం గుర్తుకు వచ్చిందంటే అది మీలో పనిచేస్తోందనే అర్థం. బుద్ధుడి సుత్తాల, అంటే ఉపదేశాల, సంపుటాల్లో ఒకటైన మజ్ఝిమనికాయంలోని అంబలట్ఠిక రాహులోవాద సుత్తంలో బుద్ధుడు తన కుమారుడు, చిన్నవాడైన రాహులుడికి ఒక పని చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తర్వాత కూడా దాన్ని పరిశీలించమని బోధించాడు. చేసిన తర్వాత చేసే పరిశీలనను ఆయన తక్కువదిగా చూడలేదు. ఈ బోధను అశోకుడు కూడా తన బైరాట్ శాసనంలో పేర్కొని, భిక్షువులు, ఉపాసకులు తరచుగా వినవలసినవాటిలో చేర్చాడు. చాలాకాలం మనం పరిశీలించగలిగేది జరిగిపోయినదాన్నే. అలా పరిశీలిస్తూ పోతే ఆ ఎరుక క్రమంగా పని జరుగుతున్న క్షణానికి దగ్గరవుతుంది.

వేకువ సాధన:

కృష్ణాతీరం గారు శరీరం గురించి చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. గాథలను ధ్యానంలో మననం చేయాలా అన్న ప్రశ్నకు మాత్రం, నేను నేర్చుకున్న సంప్రదాయం ప్రకారం సమాధానం వేరుగా ఉంటుంది. సత్యనారాయణ గోయెంకా గారు 1969లో బర్మా నుంచి భారతదేశానికి వచ్చి బోధించిన విపశ్యన పద్ధతిలో పదిరోజుల శిబిరాలు జరుగుతాయి. మన హైదరాబాదు శివార్లలోని ధమ్మఖేత్తలో ఆ శిబిరం పూర్తిచేసినవారు ఇక్కడ కూడా చాలామంది ఉండి ఉంటారు. ఆ పద్ధతిలో కూర్చున్నప్పుడు ఏ మంత్రాన్నీ, ఏ గాథనూ, ఏ రూపాన్నీ శ్వాసకు జోడించకూడదు. మొదట సహజమైన శ్వాసను, తర్వాత శరీరమంతటా పుట్టి పోయే సంవేదనలను, ఉన్నవి ఉన్నట్టుగా గమనించడమే పని.

ఈ నియమానికి కారణం ఉంది. గాథ ఎంత గొప్పదైనా, కోపం వచ్చినప్పుడు దాన్ని మనసులో ఉచ్చరించడం మొదలుపెడితే మనసు ఆ మధురమైన మాటల మీదికి మళ్లి తాత్కాలికంగా శాంతిస్తుంది. కోపం ఎక్కడ పుట్టిందో, ఎలా పెరిగిందో చూసే అవకాశం అక్కడితో పోతుంది. సతిపట్ఠాన సుత్తంలో చిత్తానుపస్సన, అంటే మనసును గమనించడం, గురించి చెప్పినచోట, ద్వేషంతో కూడిన చిత్తాన్ని ద్వేషంతో కూడిన చిత్తంగా తెలుసుకుంటాడు అని మాత్రమే ఉంది. దాన్ని తరిమికొట్టమని కానీ, మరొకదానితో కప్పమని కానీ ఆ వాక్యంలో లేదు. అదే సుత్తం ధమ్మానుపస్సనలో, అంటే మనసులో వచ్చిపోయే ధర్మాలను గమనించే భాగంలో, ఇంకొంత ముందుకు వెళ్లి, వ్యాపాదం అంటే ద్వేషభావం తనలో ఉన్నదా లేదా, లేనిది ఎలా పుడుతుంది, పుట్టినది ఎలా తొలగుతుంది, తొలగినది మళ్లీ ఎలా పుట్టకుండా ఉంటుంది అని తెలుసుకోమంటుంది. కోపం వచ్చినప్పుడు శ్వాస పొట్టిగా, గరుకుగా మారడం, ముఖంలో, ఛాతీలో వేడి పుట్టడం ఎవరైనా గమనించగలరు. ఉదయం, సాయంత్రం కూర్చుని ఈ గమనింపును అలవాటు చేసుకున్నవారికి, కౌంటరులో కూర్చున్నప్పుడు మాట నోటిదాకా రాకముందే ఛాతీలోని వేడి సంగతి తెలుస్తుంది.

అందుకే గాథలను ఆసనం మీదికి తీసుకురాకుండా, కూర్చోబోయే ముందు ఒకసారి, లేచిన తర్వాత ఒకసారి చదువుకోవడం మంచిదని నా అభిప్రాయం. పరుల ఆవులను లెక్కపెట్టే గోపాలుడి గురించి 19వ గాథలో ఉన్న హెచ్చరికను మనం మరిచిపోకూడదు. ఎంత వల్లించినా ఆచరించనివాడికి ఆ పాడి దక్కదు.

పాళీ విద్యార్థి:

వేకువ సాధన గారు తన సంప్రదాయాన్ని ఉన్నదున్నట్టుగా చెప్పారు, దానిపట్ల నాకు గౌరవం ఉంది. అయితే ఈ సుత్తాలన్నీ ఉన్న సుత్తపిటకం మొత్తాన్ని తీసుకుంటే ఆలోచనతో ఆలోచనను ఎదుర్కొనే మార్గాన్ని బుద్ధుడు నిషేధించలేదని చెప్పడం అవసరం. మజ్ఝిమనికాయంలో ఇరవయ్యవదైన వితక్కసంఠాన సుత్తంలో అకుశల ఆలోచనలు వచ్చినప్పుడు చేయవలసిన ఐదు ఉపాయాలు వరుసగా ఉన్నాయి. మొదటిది, నైపుణ్యం గల వడ్రంగి సన్నని సీలతో లావు సీలను బయటికి కొట్టినట్టుగా, ఒక కుశలమైన ఆలోచనతో అకుశలమైనదాన్ని తొలగించడం. అది పనిచేయకపోతే ఆ ఆలోచన వల్ల కలిగే కీడును చూడటం. అదీ పనిచేయకపోతే దాన్ని పట్టించుకోకపోవడం. నాలుగవది ఆ ఆలోచనను నడిపించే వేగాన్ని తగ్గించడం. వేగంగా నడిచేవాడు ఎందుకింత వేగం అనుకుని మెల్లగా నడిచి, తర్వాత నిలబడి, కూర్చుని, చివరికి పడుకున్నట్టుగా అని సుత్తం చెబుతుంది. ఐదవది పళ్లు బిగించి, నాలుకను అంగిలికి నొక్కి, మనసుతో మనసును అణచడం. అది చివరి ఉపాయం, మొదటిది కాదు. మనలో చాలామంది కోపం రాగానే నేరుగా ఈ ఐదవదానికే వెళ్లి, అది విఫలమైతే సాధన అంతా వ్యర్థమని నిరాశపడతారు.

నగదు కౌంటరు గారికి గాథ ఆ సన్నని సీలగా ఉపయోగపడాలంటే అది అప్పటికే చేతిలో సిద్ధంగా ఉండాలి. పద్నాలుగు గాథలను రోజుకొకటి చొప్పున మార్చుతూ పోతే ఏదీ సిద్ధంగా ఉండదు. ఒక్క గాథను, అందులోనూ ఒక్క పాదాన్ని, కొన్ని నెలలపాటు పట్టుకోండి. మీ ఉద్యోగానికి సరిపోయేది మరో సుత్త సంపుటమైన సంయుత్తనికాయంలోని అక్కోస సుత్తమని నాకు అనిపిస్తుంది. రాజగృహంలోని వేణువనంలో అక్కోసక భారద్వాజుడనే బ్రాహ్మణుడు వచ్చి బుద్ధుడిని నోటికి వచ్చినట్టు తిడతాడు. బుద్ధుడు అంతా విని, మీ ఇంటికి బంధువులు వస్తారా, వారికి భోజనం పెడతారా, వారు దాన్ని స్వీకరించకపోతే ఆ భోజనం ఎవరిదవుతుంది అని అడుగుతాడు. అది మాదే అవుతుందని అతడు అంటాడు. నీవు పెట్టిన తిట్లను మేము స్వీకరించడం లేదు, అవి నీకే మిగులుతాయి అని బుద్ధుడు సమాధానం ఇస్తాడు. ఆ తర్వాత వచ్చే గాథలో, కోపగించినవాడిపై తిరిగి కోపగించేవాడే ఇద్దరిలో ఎక్కువ కీడు కొనితెచ్చుకుంటాడని ఉంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొక విషయం కూడా చెబుతాను. కోపాన్ని పట్టుకుని ఉండటం ఎదుటివాడి మీద విసరడానికి నిప్పుకణికను చేతిలో పట్టుకోవడం వంటిదని బుద్ధుడు అన్నట్టుగా వాట్సాప్‌లో చిత్రాలు తిరుగుతుంటాయి. ఆ ఉపమానం బుద్ధవచనం కాదు. 5వ శతాబ్దంలో శ్రీలంకలోని అనురాధపురంలో బుద్ధఘోషుడు రచించిన విసుద్ధిమగ్గం అనే సాధనా గ్రంథంలో, మైత్రీ భావనను, అంటే అందరి సుఖాన్నీ కోరుకునే ధ్యానాన్ని, వివరించే అధ్యాయంలో దానికి దగ్గరగా ఉన్న మాట ఉంది. సాధనకు ఉపయోగించే వాక్యం ఎక్కడిదో తెలుసుకుని ఉపయోగించడం కూడా ఆ సాధనలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ముందూ వెనుకా తెగిపోయిన వాక్యానికి మనకు నచ్చిన అర్థం చెప్పుకోవడం చాలా సులభం.

మల్లెపందిరి:

ఇంతవరకు చర్చ అంతా కోపగించే మనిషి వైపు నుంచే సాగింది. నాకు వేరే ప్రశ్న ఉంది. మా ఇంట్లో ఈ గాథలను నాకు మొదట వినిపించినవారు వాటిని నా నోరు మూయించడానికే వినిపించారు. వేరం, అంటే వైరం, వేరంతో శాంతించదు అన్న 5వ గాథ, అక్రోధంతో క్రోధాన్ని జయించాలి అన్న 223వ గాథ, ఇవి ఎప్పుడూ ఇంట్లో తక్కువ అధికారం ఉన్నవారికే ఎందుకు వినిపిస్తారు? 223వ గాథకు అట్ఠకథ, అంటే ప్రాచీన వ్యాఖ్యానం, చెప్పే ఉత్తర అనే స్త్రీ కథ నన్ను చాలాకాలం కలవరపెట్టింది. సలసల కాగే నెయ్యిని తనమీద పోసిన సిరిమ అనే స్త్రీ పట్ల ఉత్తర మైత్రి వహించడాన్ని ఆదర్శంగా చెబుతారు. అటువంటి కథను హింస భరిస్తున్న స్త్రీకి చెబితే ఏమవుతుందో సభ్యులు ఆలోచించాలి.

దీనికి జవాబుగా నాకు కనిపించింది మజ్ఝిమనికాయంలోని కకచూపమ సుత్తం. శ్రావస్తిలో వేదేహిక అనే గృహిణికి ఎంతో సౌమ్యురాలని, శాంతమూర్తి అని పేరు. ఆమె ఇంట్లో కాళి అనే దాసి పనిలో నేర్పరి. మా యజమానురాలికి నిజంగానే కోపం లేదా, లేక నేను పని చక్కగా చేయడం వల్ల అది బయటికి రావడం లేదా అని కాళికి సందేహం వస్తుంది. పరీక్షించడానికి ఒకరోజు ఆలస్యంగా లేస్తుంది, మరునాడు ఇంకా ఆలస్యంగా, ఆ తర్వాత మరింత ఆలస్యంగా లేస్తుంది. మొదట కనుబొమలు ముడిపడతాయి, తర్వాత కఠినమైన మాటలు వస్తాయి, చివరికి వేదేహిక తలుపు గడియ తీసుకుని కాళి తల పగిలేలా కొడుతుంది. ఎదుటివారి కఠినమైన మాటలు తగలనంతవరకు ఎవరైనా సౌమ్యులే అని బుద్ధుడు భిక్షువులకు ఈ కథ ద్వారా చెప్పాడు.

ఈ కథలో నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది కాళి వేసిన ప్రశ్న. ఒక ఇంటి పెద్ద శాంతంగా కూర్చుని ధ్యానం చేయగలుగుతున్నాడంటే, వేళకు కాఫీ అందించి, పిల్లలను బడికి పంపి, మంచంపట్టిన తల్లికి మందు వేసినవారు ఆ ఇంట్లో ఎవరో ఉన్నారు. ఆ మనిషి ఒకరోజు ఆలస్యంగా లేచినప్పుడు కూడా ఆయన శాంతం నిలుస్తుందా అన్నదే ఆయన సాధనకు కొలమానం. గాథలను ఇతరులకు బోధించే ముందు ఈ పరీక్ష పెట్టుకోవాలని నా విన్నపం.

కృష్ణాతీరం:

మల్లెపందిరి గారూ, మీ మాటలు చదివిన తర్వాత కకచూపమ సుత్తాన్ని మళ్లీ తీసి చదివాను. ఈ వేదికలో ఇంతవరకు వచ్చిన వివరణలన్నింటిలోకి మీది విలువైనదని భావిస్తున్నాను, ఎందుకంటే మన ఇళ్లలోని శాంతం ఎవరి శ్రమ మీద నిలిచి ఉందో అది చూపింది.

ఒక్క విషయం జోడిస్తాను. 223వ గాథను నోరు మూయించడానికి వాడేవారు నాలుగో పాదాన్ని వదిలేస్తారు. అబద్ధమాడేవాడిని సత్యంతో జయించు అని అది చెబుతుంది. సత్యంతో జయించాలంటే సత్యం పలకాలి కదా! మజ్ఝిమనికాయంలోని అభయరాజకుమార సుత్తంలో, సత్యమై, హితమై ఉండి, వినేవారికి అప్రియమైన మాటను కూడా తథాగతుడు తగిన సమయం చూసి పలుకుతాడని స్పష్టంగా ఉంది. అంటే అక్రోధం మౌనంతో సమానం కాదు. కోపం లేకుండా, సమయం చూసి, అప్రియమైన నిజం చెప్పడం ఆ గాథ ఆచరణలో భాగమే. హింస జరుగుతున్న ఇంట్లో ఆ నిజాన్ని పుట్టింటివారితోనో, పోలీసులతోనో, న్యాయస్థానంలోనో చెప్పవలసి వస్తే, అది కూడా ఆ పాదాన్ని ఆచరించడమే అవుతుంది. కొట్టే చేతి కింద ఓర్చుకుని కూర్చోవడాన్ని సాధన పేరుతో ఎవరూ ఎవరికీ సలహాగా ఇవ్వకూడదు.

నగదు కౌంటరు:

అందరికీ కృతజ్ఞతలు. రోజుకొక గాథ పద్ధతిని ఆపేసి, 231వ గాథ మొదటి పాదాన్ని మాత్రమే పట్టుకున్నాను. అరచేతులు బల్లకు ఆనించడం వల్ల మాట రావడం పూర్తిగా ఆగలేదు కానీ, వచ్చే మాట స్వరం మారింది. మొన్న ఒక పెద్దాయన గట్టిగా అరిచినప్పుడు, ఆయన చేతిలోని పాసుపుస్తకం వణుకుతూ ఉండటం చూడగలిగాను. అంతకుముందు అటువంటివి నాకు కనబడేవి కావు.

ఒక సందేహం మిగిలింది. కొందరు ఖాతాదారుల మీద కోపం సాయంత్రం ఇంటికి కూడా వస్తుంది. వారిని తలచుకుని మైత్రీ భావన చేయాలని కూర్చుంటే కోపం పెరుగుతోంది తప్ప తగ్గడం లేదు.

పాళీ విద్యార్థి:

అది సహజమే. విసుద్ధిమగ్గం మైత్రీ భావనను శత్రువుతో మొదలుపెట్టవద్దని స్పష్టంగా చెబుతుంది. మొదట తనకు తాను సుఖాన్ని కోరుకోవాలి, తర్వాత గౌరవనీయుడైన ఉపకారి, ఆ తర్వాత ప్రియమిత్రుడు, తర్వాత మనకు ఇష్టం గానీ అయిష్టం గానీ లేని మనిషి, చివరికి మాత్రమే వేరం ఉన్నవాడు. మీ కౌంటరుకు రోజూ వచ్చి, మాట్లాడకుండా డబ్బు తీసుకుని వెళ్లిపోయే వంద మందిలో ఎవరినైనా ఆ నాలుగో స్థానంలో ఉంచుకోవచ్చు. చివరివాడి దగ్గర మనసు మొరాయిస్తే వెనక్కి వెళ్లి మళ్లీ రావాలి. మరో సుత్త సంపుటమైన అంగుత్తరనికాయంలో బుద్ధుడి ప్రధాన శిష్యుడు సారిపుత్తుడు చెప్పిన మార్గం కూడా ఉంది. ఒకరి నడవడి చెడ్డదై మాట మంచిదైతే మాటనే చూడమని, మాట చెడ్డదై నడవడి మంచిదైతే నడవడినే చూడమని, ఏదీ బాగాలేనివాడిని దారిలో జబ్బుపడి దిక్కులేకుండా ఉన్న బాటసారిని చూసినట్టు కరుణతో చూడమని ఆయన అన్నాడు.

గట్టు మీద:

ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను, ఇప్పుడు నా ప్రశ్న కూడా పెద్దల ముందు ఉంచుతున్నాను. మా అన్నయ్యకూ నాకూ పొలం గట్టు విషయంలో ఏళ్ల తరబడి మాటలు లేవు. నిరుడు ఆయన కాలం చేశారు. కోపం మాత్రం పోలేదు, పైగా ఇప్పుడు దానికి దుఃఖం కూడా తోడైంది. ఆయనను తలచుకుని మైత్రీ భావన చేయవచ్చా?

పాళీ విద్యార్థి:

మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాను. మీరు అడిగినదానికి విసుద్ధిమగ్గంలో నేరుగా సమాధానం ఉంది. మరణించినవారిని ఆలంబనగా చేసుకుని మైత్రీ భావన చేయకూడదు, చేసినా అది ధ్యానంగా స్థిరపడదు అని బుద్ధఘోషుడు చెప్పి, ఒక యువ భిక్షువు తన గురువును తలచుకుని చేయబోయి విఫలమైన సంగతిని ఉదాహరణగా ఇచ్చాడు. ఆ గురువు అప్పటికే మరణించాడని తర్వాత తెలిసింది. మీకు కుదరకపోతే అది మీ లోపం కాదు.

దివంగతులైన బంధువుల కోసం సంప్రదాయం వేరే మార్గం ఏర్పరచింది. ఖుద్దకపాఠం అనే చిన్న పాళీ సంకలనంలోని తిరోకుడ్డ సుత్తంలో, దానం చేసి, "ఇదం వో ఞాతీనం హోతు, సుఖితా హోంతు ఞాతయో" అని, అంటే ఇది మా బంధువులకు చెందుగాక, వారు సుఖంగా ఉందురుగాక అని పుణ్యాన్ని వారికి అందించడం ఉంది. ఆ సుత్తంలో మీరు ప్రత్యేకంగా చదవవలసిన వాక్యం ఒకటి ఉంది. ధమ్మపదం 3వ గాథలో వేరం శాంతించని మనిషి, నన్ను తిట్టాడు, కొట్టాడు, ఓడించాడు, నాది హరించాడు అని జ్ఞాపకాలను పట్టుకుని ఉంటాడు. తిరోకుడ్డ సుత్తం కూడా జ్ఞాపకం చేసుకోమనే చెబుతుంది, కానీ "అదాసి మే, అకాసి మే" అని, నాకు ఇచ్చాడు, నా కోసం చేశాడు, నా బంధువు, నా మిత్రుడు అని గతాన్ని తలచుకుని దానం ఇవ్వమంటుంది. మీ అన్నగారితో గట్టు తగాదాకు ముందు గడిచిన సంవత్సరాలు కూడా ఉన్నాయి కదా. వాటిని తలచుకుని ఆయన పేరుమీద ఒక దానం చేయండి.

కృష్ణాతీరం:

గట్టు మీద గారూ, 6వ గాథను కూడా చూడండి. కోసంబిలోని భిక్షువులు మరుగుదొడ్డిలో నీళ్లు మిగిల్చిన చిన్న విషయంతో మొదలైన తగాదాలో రెండు వర్గాలుగా చీలి, బుద్ధుడు చెప్పినా వినకపోతే ఆయన వారిని విడిచి పారిలేయ్యక వనానికి వెళ్లిపోయాడు. ఆ సందర్భంలోనిదని అట్ఠకథ చెప్పే ఈ గాథలో, మనం ఇక్కడ అంతమైపోయేవాళ్లమని ఇతరులు గ్రహించరు, గ్రహించినవారి కలహాలు శాంతిస్తాయి అని ఉంది.

అన్నగారి పిల్లలు ఉంటే, ఆ గట్టు ఇప్పుడు వారికీ మీకూ మధ్య ఉంటుంది. సర్వేయరును పిలిపించి హద్దులు వేయించే రోజున మీరే ముందుగా వారి ఇంటికి వెళ్లి పిలవండి. హద్దురాయి ఎటు పడినా, ఆ పూట భోజనం అందరూ మీ ఇంట్లోనే చేసేలా చూడండి. కోపం ఎంతకూ తగ్గని మనిషికి ఏదైనా ఇవ్వమని, లేదా అతని నుంచి ఏదైనా తీసుకోమని విసుద్ధిమగ్గం చివరి ఉపాయంగా చెప్పింది. అన్నగారికి ఇవ్వలేకపోయినది ఆయన పిల్లలకు ఇవ్వవచ్చు.